కాలముచెల్లిన అంబులెన్సును వసతిబండిగా మార్చుకొనుట

మంగంపేట, ఓబులవారిపల్లె, కోడూరు ప్రాంతముల తోటరైతులలో కొందఱు ఈ నడుమ మమ్ము నొక ప్రశ్న అడుగుచున్నారు. వేలములో తక్కువ ధరకు దొరకు పాత అంబులెన్సు నొకదానిని కొని, లోపల పడకలు, దీపములు, వంటకు కావలసిన సరంజామా అమర్చుకొని, మామిడికాయల కాలమున చెన్నై కోయంబేడు మార్కెట్టుకు పోవునపుడును, రాత్రివేళ తోటకాపలాకును, పనులు తీరినపిదప ఆలుబిడ్డలతో తీర్థయాత్రలకును వాడుకొనవచ్చునా యనునదే యా ప్రశ్న. ఇట్టి బండిని క్యాంపరనియు, కారవాననియు వ్యవహరించుచున్నారు. మేము వసతిబండి యని వ్రాయుచున్నాము. వాడుకొనవచ్చునని మా యభిప్రాయము. కాని బండిని చూచి మురిసి సొమ్ము చెల్లించిన తరువాత కాగితములు చూచువారు నష్టపోవుదురు. లోపలి యమరికలో గాలికిని నిప్పుకును చోటు విచారింపనివారు ప్రాణములకే మోసము తెచ్చుకొందురు. ఈ రెండు విషయములే ఈ పాఠమున ముఖ్యములు. తక్కినవి వడ్రంగికిని, ఎలక్ట్రీషియనుకును తెలిసినవే.

అంబులెన్సు వసతిబండిగా మారుట వింతయైన సంగతి కాదు. జర్మనీ దేశపు ఫోక్స్‌వ్యాగన్ కంపెనీవారి పెట్టెబండి 1951వ సంవత్సరముననే అంబులెన్సుగా తయారయ్యెను; ఆ యేడే వెస్ట్‌ఫాలియా యను కంపెనీవారు అదే బండిలో పడక, బీరువా అమర్చి విహారయాత్రికుల కమ్మసాగిరి. పడుకొన్న మనుష్యుని కుదుపులేకుండ కొనిపోవుటకు తగిన బండి, పడుకొని నిద్రించుటకును తగియుండుట సహజమే కదా.

మన రాష్ట్రములో 108 అంబులెన్సు సేవ 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన హైదరాబాదునందు ఆరంభమయ్యెను. 2020వ సంవత్సరము జూలై 1వ తేదీన విజయవాడ బెంజిసర్కిలువద్ద 108, 104 సేవలకు చెందిన 1,088 క్రొత్తబండ్లను ఒక్కనాడే రోడ్డుపై నడపిరి. క్రొత్తవి వచ్చినపుడెల్ల పాతవి ప్రక్కకు తొలగును. అవిగాక ప్రైవేటు ఆసుపత్రులును, ధర్మసంస్థలును తమ పాతబండ్లను అమ్ముచుండును. ప్రభుత్వ సంస్థలు తమ పాత వస్తువులను ఎక్కువగా ఎం.ఎస్.టి.సి. యను కేంద్రప్రభుత్వ కంపెనీ ద్వారా ఎలక్ట్రానిక్ వేలమున అమ్ముచున్నవి. మన రోడ్లపై కనబడు అంబులెన్సులలో అనేకములు ఫోర్సు ట్రావెలరు, టాటా వింగరు జాతులవి. వీని విడిభాగములు కడపలోను తిరుపతిలోను దొరకును; మరమ్మతు చేయు మేస్త్రీలును కలరు. దూరదేశపు బండి యెంత చౌకగా వచ్చినను కొనదగదు.

అంబులెన్సునందలి సుగుణములు కొన్ని చెప్పెదము. కప్పు ఎత్తైనది గనుక సామాన్యపుటెత్తుగల మనుష్యుడు లోపల మెడవంచి యైనను నిలువగలడు. వెనుక తలుపులు వెడల్పుగా తెఱచుకొనును. నేల కడిగినను నీరు లోనికి దిగకుండ రెగ్జిను వంటి పఱపు కలిగియుండును. గోడలకు నున్నని ఫైబరుపలకలు వేయబడియుండును. ప్రక్కబల్ల, గోడబీరువాలు, కప్పులో గాలిపంకా, రెండవ బ్యాటరీ, ఇన్వర్టరు అనేక బండ్లలో ముందే యున్నవి. పాత స్కూలువ్యానునో, సరుకుల వ్యానునో కొన్నవాడు ఇవన్నియు క్రొత్తగా చేయించుకొనవలసియుండును.

దోషము లేకపోలేదు. అంబులెన్సు నడచిన కిలోమీటర్లను మీటరు చూపునుగాని, రోగికై ఏసీ వేసి ఆసుపత్రి వాకిట గంటలకొలది ఇంజను తిరిగిన కాలమును చూపదు. కావున లక్షకిలోమీటర్లు తిరిగిన అంబులెన్సు ఇంజను అంతే తిరిగిన ట్రావెలరు ఇంజనుకంటె ఎక్కువ అరిగియుండునని తలంచి బేరమాడవలయును. వేగముగా పోయి హఠాత్తుగా ఆగుట దాని వృత్తి. బ్రేకులు, స్ప్రింగుకట్టలు, స్టీరింగు కీళ్లు తప్పక పరీక్షింపవలయును. ప్రతిదినము మందునీళ్లతో కడుగుటచే నేలపఱపు క్రింద చెక్క నాని, దానిక్రింది రేకు తుప్పుపట్టుట తఱచు. పఱపు నొకమూల ఎత్తి, స్క్రూడ్రైవరుతో రేకును పొడిచి చూచినగాని నిజము తేలదు. అమ్మువాడు ఎత్తనీయనిచో ఆ బండిని విడిచిపెట్టుటే మంచిది.

కాగితములు

ఇది శ్రద్ధగా చదువవలసిన భాగము. బండిని చూచుటకు పోవుటకు ముందే నమోదుపత్రము, అనగా ఆర్.సి., తెప్పించి నాలుగు సంగతులు చూడవలెను: మొదటి నమోదు తేదీ, బండి తరగతి, ఖాళీబరువును మొత్తము బరువును, యజమాని యెవరు.

యజమాని ప్రభుత్వమైనచో వయస్సే సర్వము. 2023వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీ మొదలు అమలులోనున్న కేంద్ర నియమము ననుసరించి, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములకును, స్థానికసంస్థలకును, ప్రభుత్వరంగ సంస్థలకును చెందిన బండ్ల నమోదు పదునైదేండ్లకు ముగియును. మరల నమోదు చేయబడదు. అట్టిబండ్లు రిజిష్టరైన తుక్కుకేంద్రములకు పోవలసినవే. అనగా 2008లో నమోదైన ప్రభుత్వ అంబులెన్సును ఎవడైన మీకు అమ్మజూపినచో అతడు అమ్మునది బండి కాదు, ఇనుము. పదునైదేండ్లు నిండనిదై, కాగితములు సరిగానున్న బండిని, లేదా ప్రైవేటు ఆసుపత్రి పేరనున్న బండిని మాత్రమే రోడ్డుమీద నడపుటకై కొనదగును.

ఇక తరగతి. 2004వ సంవత్సరపు కేంద్ర ప్రకటనలో అంబులెన్సులు రవాణా వాహనముల వరుసలో చేర్చబడినవి. స్వంతవాడుకకైన క్యాంపరువ్యాను రవాణేతర వాహనముల వరుసలో నున్నది. ఈ తేడా చిన్నది కాదు. రవాణావాహనమునకు ఫిట్‌నెసు సర్టిఫికెట్టు కావలెను. ఎనిమిదేండ్లు దాటిన బండికి ఏటేట పరీక్ష. పన్ను వేఱు, ఇన్సూరెన్సు వేఱు. అంబులెన్సు తరగతిలోనే ఉంచి మంచము వేసికొని తిరుగుదమనువారు కొందఱుందురు. రోగులకై యిచ్చిన సౌకర్యమును స్వంతవిహారమునకు వాడుకొనుట యగును గనుక అది చెల్లదు. ప్రమాదము జరిగిననాడు ఇన్సూరెన్సు కంపెనీవారు మొదట అడుగునది, బండి పత్రములోని తరగతికి తగినట్లు వాడబడుచున్నదా యనియే.

మోటారువాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, నమోదుపత్రములోని వివరములు తయారీదారుడు నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. ఈ సంగతిని 2019వ సంవత్సరము జనవరిలో సుప్రీంకోర్టువారు గట్టిగా చెప్పియున్నారు. అదే సంవత్సరమున సవరించిన చట్టము, అనుమతిలేని మార్పు ఒక్కొక్కదానికి అయిదువేల రూపాయల జుల్మానాగాని, ఆరుమాసములవఱకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చునని చెప్పుచున్నది. మోటారు కారవానుల నిర్మాణమునకై ఏ.ఐ.ఎస్. 124 అను ప్రమాణము వేఱుగా కలదు. ఇవన్నియు రైతు కంఠస్థము చేయనక్కరలేదు. చేయవలసినది యొక్కటే: బయానా ఇచ్చుటకు ముందు, బండి నంబరుతోను చేయదలచిన మార్పుల పటముతోను రవాణాశాఖ కార్యాలయమునకు అర్జీ వ్రాసి, తరగతి మార్పునకును మార్పులకును అనుమతి యిత్తురా యని వ్రాతమూలకముగా తెలిసికొనుట. బ్రోకరు నోటిమాటకు విలువలేదు. కప్పు కోయుట, ఎత్తు పెంచుట, చాసిస్ పొడిగించుట, క్రొత్త కిటికీకై రేకు కోయుట వంటివి తలపెట్టకుండుటే క్షేమము. లోపల బిగించు సామాను ఎంత సులభముగా విప్పి తీయదగినదైన అంత చిక్కు తక్కువ. అనుమతితో చేసిన మార్పును పదునాలుగు దినములలోగా తెలియజేయవలెను. కొన్నవాడు ముప్పది దినములలో యాజమాన్యపు మార్పునకు దరఖాస్తు చేయవలెను.

బండిమీది అంబులెన్సు గుర్తులు ఒక్కటియు మిగులరాదు. ముందు అద్దము క్రింద తిరగవ్రాసిన అక్షరములు, 108 అంకె, ఎఱ్ఱచారలు, నక్షత్రపు గుర్తు, తిరుగుడు దీపము, సైరను, అన్నియు తీసివేయవలయును. దీపపు తీగెను కత్తిరించి విడిచినచో చాలదు, మీటతో సహా పెఱికివేయవలెను. అంబులెన్సునకు దారి యీయనివానికి పదివేల రూపాయల జుల్మానా, ఆరుమాసముల వఱకు ఖైదు చట్టములో నున్నది. ఆ భయముచేతను, దయచేతను జనులు దారి యిచ్చుచున్నారు. నాలుగుసారులు మామిడిగంపల బండికి దారియిచ్చినవాడు అయిదవసారి నిజమైన రోగికి దారియీయడు. ఆ రోగి మన యూరివాడే కావచ్చును.

శుద్ధి

సామాను పెట్టుటకు ముందు బండిని పూర్తిగా విప్పి కడుగవలయును. ఈ పనికి పిల్లలను పిలువరాదు. దళసరి రబ్బరు చేతితొడుగులు, బూట్లు ధరించి, బల్లక్రిందను, స్ట్రెచరుపట్టాల సందులలోను, బీరువా అడుగునను మొదట కన్నులతో వెదకవలెను, చేతితో తడుమరాదు. సూదులు జాఱి అచ్చట చిక్కుకొనియుండును. దొరకినదానిని పటకారుతో తీసి, గట్టి ప్లాస్టిక్కు డబ్బాలో వేసి మూతపెట్టి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున ఇచ్చివేయవలయును. చెత్తకుప్పలో వేయరాదు.

పిదప సబ్బునీటితో మురికి వదలించి, ఒకటవవంతు శాతము సోడియం హైపోక్లోరైటు ద్రావణమును పూసి పది పదునైదు నిముషములు ఉంచి, మంచినీటితో బాగుగా కడిగివేయవలెను. డబ్బాపై అయిదు శాతమని యున్నచో ఒకపాలు మందునకు నాలుగుపాళ్లు నీరు. దీనిని ఉంచివేసినచో రేకును తినివేయును గనుక కడుగుట ముఖ్యము. పాయిఖానా కడుగు ఆమ్లమును దీనితో కలిపినచో విషవాయువు పుట్టును. పని తొందరగా తెమలునని రెండును కలుపువారు కలరు. తలుపులన్నియు తెఱచి రెండుమూడు దినములు ఎండనిచ్చిన తరువాతనే చెక్కపని మొదలుపెట్టవలయును. మన యెండ ఈ యొక్క విషయమున మనకు మేలుచేయును.

ఆక్సిజను సిలిండరులు బండితో వచ్చినచో ఉంచుకొనరాదు. వానిని నింపు ఏజెంటుకు అప్పగించి, గోడలోని గొట్టములను మేస్త్రీచేత తీయింపవలెను. ఆక్సిజను బిరడాకు నూనెగాని గ్రీజుగాని తగిలినచో నిప్పురవ్వ లేకయే అంటుకొనవచ్చును. జిడ్డుచేతుల మెకానికును ముందే హెచ్చరింపవలెను.

బరువు

మంగంపేటవారికి బరువు సంగతి చెప్పుట హాస్యాస్పదము. ముగ్గురాయి నీటికంటె నాలుగురెట్లకు మించిన బరువుగలది. ఆ గుణముచేతనే చమురుబావులు త్రవ్వు బురదలో కలుపుటకై దేశాంతరములకు పోవుచున్నది. చూపునకు సగమే నిండినట్లున్న లారీ కాటామీద ఎక్కునప్పటికి ఎట్లుండునో మన మెఱుగుదుము. వసతిబండి విషయమున మాత్రము ఈ తెలివి మనకు తోడురాదు. లోపల ఖాళీ కనబడుచున్నంతవఱకు ఏదో యొకటి పెట్టుచునే యుందుము.

ఉదాహరణకు పత్రములో మొత్తము బరువు 3,500 కిలోలును, స్ట్రెచరు మొదలగునవి తీసివేసిన పిదప కాటామీద ఖాళీబరువు 2,500 కిలోలును అనుకొందము. చేతిలోనున్నది వేయి కిలోలు. డ్రైవరుతో అయిదుగురు మనుష్యులు 325. మూడు ఇరువదిలీటర్ల డబ్బాల నీరు 60. పండ్రెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు ఎనిమిదడుగులకు నాలుగడుగుల పలక సుమారు 23 కిలోలు తూగును. ఆఱు పలకలకు 138. రెండవ బ్యాటరీ 30, సూర్యఫలకము చట్రముతో 15, చిన్నసిలిండరు పొయ్యి 15, బియ్యము పాత్రలు 60, పఱుపులు 30, బట్టలపెట్టెలు 50. కూడినచో 723. మిగిలినది 277 కిలోలే. అదే పలక పదునెనిమిది మిల్లీమీటర్లదైన 35 కిలోలు తూగును. ఆఱింటికి 72 కిలోలు అదనము. వంటబల్లపై కడపబండ వేయింతుమని యొక సభ్యుడు ముచ్చటపడెను. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ముప్పాతిక అంగుళము దళసరిగల బండ సుమారు నలుబది కిలోలు తూగును. ఇంటిలో ఎంతో శోభించును, బండిలో వలదు.

బరువును వీలైనంతవఱకు క్రిందను, ఇరుప్రక్కల సమముగను, వెనుకచక్రముల ఇరుసుకు ముందుగను ఉంచవలెను. నీరు, బ్యాటరీ నేలమీదనే యుండవలెను. కప్పుపై మూటలు కట్టినబండి బాలుపల్లె అడవిదారి మలుపులలో ఊగిపోవును. పని ముగిసిన పిదప నిండుసామానుతో కాటాకు తీసికొనిపోయి, ముందుచక్రములను వెనుకచక్రములను విడివిడిగా తూయింపవలయును. మనకు కాటాలకు కొదవలేదు.

పెట్టెమంచము, బీరువా మొదలగునవి రేకునకు గాక బండి ప్రక్కటెముకలకు బోల్టులతో బిగింపవలెను. గంటకు అఱువది కిలోమీటర్ల వేగమున పోవుబండి హఠాత్తుగా ఆగినచో విడిగానున్న రుబ్బురోలు వెనుకనుండి వచ్చి డ్రైవరు తలకు తగులును. నడచు బండిలో ఎవరును పడకపై పడుకొనరాదు. పత్రములో ఎన్ని ఆసనములున్నవో అంతమందియే, బెల్టు కట్టుకొని, కూర్చుండవలయును. స్ట్రెచరుమీద రోగి పడుకొనిపోయెను గదా యని వాదింతురు. రోగిని పట్టీలతో కట్టి తీసికొనిపోయిరి; అదియు గత్యంతరము లేకనే.

గాలి, నిప్పు, విద్యుత్తు

2024వ సంవత్సరము డిసెంబరు మాసమున కేరళదేశములో వడకరవద్ద రోడ్డుప్రక్క నిలిపియున్న కారవానులో ఇద్దఱు మనుష్యులు మరణించియుండిరి. ఏసీకై నడపిన జనరేటరు నుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడు లోనికి చేరుటచే ఈ మరణములు కలిగెనని విచారణలో తేలెను. ఈ వాయువునకు రంగులేదు, వాసనలేదు, దగ్గురాదు. తలనొప్పి, మత్తు కలిగి మనుష్యుడు నిద్ర యని భ్రమించును, లేవడు. చలికాలమున బొగ్గులకుంపటి లోపల పెట్టుకొని తలుపులు మూసికొన్న యింట జరుగునదియు నిదియే. కాబట్టి వసతిబండిలో కుంపటిగాని, జనరేటరుగాని, పడుకొన్నవేళ ఇంజను తిరుగుటగాని నిషేధమని ఎంచుకొనవలయును. నేలలో తీగెలకై చేసిన రంధ్రములన్నియు రబ్బరుబిళ్లలతో మూయవలెను. ఈ వాయువును కనిపెట్టి కూతపెట్టు చిన్నయంత్రము అమ్మకమున కలదు. పఱుపు కొనకముందు దీనిని కొనుడు. ఇది యున్నను పడుకొనునపుడు ఎదురెదురు కిటికీలు రెండు వ్రేళ్లసందు తెఱచియే యుంచవలెను.

వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోక నేలమీద నీటివలె నిలుచును, అగ్గిపుల్ల గీయువఱకు. పెద్ద యింటిసిలిండరు బండిలో పెట్టరాదు. అయిదుకిలోల చిన్న సిలిండరును, లోపలికి సందులేని ప్రత్యేకపు పెట్టెలో, అడుగున బయటికి గాలిరంధ్రము చేసి నిలువుగా బిగింపవలెను. మా మాట వినువారు వంట వెలుపలనే చేయుదురు. వెనుకతలుపులు తెఱచి, వానిపై షేడ్‌నెట్టు కట్టి, మడతబల్లమీద పొయ్యి పెట్టుకొనిన మన యాడవారికి పొగ యుండదు, లోపల వేడి చేరదు. ఆరు నెలలు ఎండకాయు సీమలో బండిలోపల వంటగది కట్టుకొనుట చలిదేశముల పుస్తకములు చూచి చేయు పని.

ఏసీ సంగతి తప్పక అడుగుదురు గనుక లెక్క చూపెదము. పండ్రెండు వోల్టుల నూఱు ఆంపియరుగంటల బ్యాటరీలో 1,200 వాటుగంటల శక్తి యుండును. మామూలు సీసపుబ్యాటరీని సగముకంటె దించినచో త్వరగా చెడును గనుక వాడదగినది 600. పదునైదు వాట్ల పంకాలు రెండు రాత్రి తొమ్మిదిగంటలు తిరిగిన 270. అయిదు వాట్ల దీపములు రెండు నాలుగుగంటలకు 40. నాలుగు ఫోనులకు 60. మొత్తము 370. హాయిగా తెల్లవాఱును. ఒక టన్ను ఏసీ గంటకు సుమారు వేయి వాటుగంటలు త్రాగును. అఱగంటలో బ్యాటరీ చేతులెత్తును. రెండువందల వాట్ల సూర్యఫలకము మన యెండలో దినమునకు ఏడెనిమిదివందల వాటుగంటలు ఈయగలదు. అది పంకాలకు దీపములకు నిండుగా సరిపోవును. ఏసీకి చాలదు.

కనుక వేడిని లోనికి రానీయకుండుటే ఉపాయము. కప్పునకు తెల్లరంగు వేయుడు. ఫైబరుపలకలు విప్పి చూచి, వెనుక నురుగుపఱపు లేనిచోట దళసరి నురుగుషీటు అంటింపుడు. సూర్యఫలకమును కప్పునకు అంటించక నాలుగంగుళముల ఎత్తున చట్రముపై నిలిపిన అదియే గొడుగగును, దానిక్రింద గాలియు ఆడును. కప్పులోని పంకా వేడిగాలిని పైకి లాగివేయునట్లు త్రిప్పి, నీడప్రక్కనున్న క్రిందికిటికీని తెఱచినచో చల్లగాలి దానంతట వచ్చును. కిటికీలకు దోమతెరలు. చీకటిపడకముందే బండిని చెట్టునీడకు చేర్చుట వీటన్నిటికంటె చౌకయైన వైద్యము.

రెండవబ్యాటరీ ఇంజనుబ్యాటరీని ఖాళీచేయకుండ నడుమ రిలే యుండవలెను. పాత అంబులెన్సులలో ఇది సాధారణముగా నుండును, పనిచేయుచున్నదో లేదో చూచుకొనుడు. బ్యాటరీధ్రువమునుండి జానెడుదూరములోపలనే ఫ్యూజు వేయింపవలెను. అనేకులు ఫ్యూజును మీటలపెట్టెలో పెట్టుదురు. అప్పుడు నడుమతీగె రేకు గీచుకొని అంటుకొన్నను ఫ్యూజు పోదు, బండి పోవును.

కలసి కొనుట

ఒంటరిరైతు ఈ బండిని కొనుట లాభమా? లెక్కకై కొన్న ధరయు, అమరికయు కలిసి 4,80,000 రూపాయలనియు, ఆఱేండ్లు పనికివచ్చుననియు అనుకొందము. ఏటికి 80,000. ఇన్సూరెన్సు, పన్ను, టైర్లు, మరమ్మతు కలిసి ఏటికి 60,000 అనుకొందము. డీజిలుగాక ఏటికి 1,40,000. సంవత్సరమున నలుబదిరాత్రులు వాడిన రాత్రికి 3,500 రూపాయలు పడును. ఆ సొమ్ముతో తిరుపతిలో మంచిగదియే దొరకును. నూఱురాత్రులు వాడినచో రాత్రికి 1,400. అయిదుగురు పంచుకొనిన మనిషికి 280. ఈ అంకెలు మేము మచ్చునకు వేసినవి, ఎవరి బండికి వారు తమ యంకెలు వేసికొనవలయును. కాని నూఱురాత్రులు ఒకింటివాడు బండిలో నిదురింపడు. పదియిండ్లవారు కలసినగాని అది కుదురదు.

సంఘము పేర కొనదలచినచో నిబంధనావళి ఉద్దేశములలో అందుకు చోటున్నదా చూచి, సర్వసభ్యసమావేశమున తీర్మానింపవలెను. స్వంతవాడుక బండిగా నమోదైనదానిని బాడుగకు త్రిప్పరాదు; పర్మిట్టు కావలసివచ్చును. సభ్యులవద్ద రాత్రికింత యని వసూలుచేయుట బాడుగ యగునా, ఖర్చుల పంపకమగునా యను ప్రశ్నను ముందే అధికారులను అడిగి వ్రాతలో ఉంచుకొనుడు. బండిలో నొక పుస్తకము వ్రేలాడదీసి, ఎవరు ఎప్పుడు తీసికొనిపోయిరి, మీటరు ఎంత, ఏమి చెడెను, తిరిగి అప్పగించినపుడు గ్యాసుబిరడా మూసియున్నదా యని వ్రాయించుట మఱవకుడు. ఉమ్మడిసొత్తు మొదట చెడునది బ్యాటరీ. దానికి బాధ్యుడొకని పేరు తీర్మానమునందే యుండవలెను.

రోడ్డుబండిగా అనుమతి దొరకనిచో, లేదా తోటకాపలాయే ముఖ్యమైనచో, వేఱుమార్గము కలదు. చాలమందికి ఇదియే తగినదని మా తాత్పర్యము. తుక్కునకు పోవలసిన ప్రభుత్వబండిని ఇందుకై కొనిపెట్టుకొనరాదు. కాని ప్రైవేటుబండి ఇంజను పాడైనదైనను పై పెట్టె గట్టిగా నున్నచో తోటలో కదలని గదిగా నిలుపవచ్చును. రవాణాకార్యాలయమునకు తెలియజేసి, నమోదును రద్దుచేయించుకొని రశీదు తీసికొనవలయును. లేనిచో పన్నునోటీసులు వచ్చుచునే యుండును. డీజిలుతొట్టిని, నూనెలను పూర్తిగా ఖాళీచేయించి, వర్షపునీరు నిలువని మెరకపై నాలుగు రాతిదిమ్మెల మీద ఇరుసులనానించి, చక్రములు నేలకు తాకకుండ నిలుపుడు. ఎలుకలు తీగెలను కొఱుకకుండ క్రిందిరంధ్రములకు ఇనుపజల్లెడ కొట్టింపుడు. తలుపులు శేషాచలపు గాలి వచ్చు దిక్కునకు తెఱచుకొనునట్లు ఉంచి, వెనుకతలుపు గడియ లోపలినుండియు తీయదగినదై యున్నదో లేదో, అందులో మొదటిరాత్రి పడుకొనకముందు, ఒకనిని లోపల నుంచి మూసి పరీక్షింపుడు. అంబులెన్సు వెనుకతలుపులు కొన్ని వెలుపలినుండి మాత్రమే తెఱచుకొనును.